నాలుగో నంబరు గొంతు

శనివారం ఉదయం బన్నులు తేవడం హార్ట్‌ముట్ పని. పెళ్లయిన నలభై తొమ్మిదేళ్లలో ఆ పని ఆయన ఇంకొకరికి అప్పగించలేదు. బెర్లిన్‌లో వాళ్లుండే పాత భవనానికి లిఫ్టు లేదు. ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. దిగడం తేలికే. డెబ్బై ఆరేళ్ల మనిషి ఎక్కడం సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

బేకరీలో ఆ రోజు కూడా కౌంటరు వెనకున్నావిడ బన్నులు సంచిలో వేసి, ఒక్కసారి ఆ మాట అనమని అడిగింది. హార్ట్‌ముట్ సంచి అందుకుని, "కంగారు పడకండి. అంతా నా అదుపులోనే ఉంది" అన్నాడు. వరుసలో నిలబడ్డవాళ్లు పకపకా నవ్వారు. ఇద్దరు ముగ్గురు ఆయన ముఖం కేసి వింతగా చూశారు. ఆ గొంతు వాళ్లకు తెలుసు, ముఖం తెలియదు.

ఆ గొంతు ఏజెంట్ క్రాంప్‌ది. క్రాంప్ అంటే బాంబు తీయబోయి తన టై కత్తిరించుకునే సినిమా గూఢచారి. వేషం కట్టిన హాస్యనటుడు ఇంగ్లండు మనిషి అయినా, జర్మనీలో అతను హార్ట్‌ముట్ గొంతుతోనే మాట్లాడతాడు. ఇక్కడ విదేశీ నటుడికి ఒక గొంతు కుదిరిందంటే అది ఇక అతనిదే. మధ్యలో మారిస్తే జనం సొంత అల్లుణ్ణి మార్చేసినంత గొడవ చేస్తారు. ఆ నటుడి ఏడు సినిమాలకు హార్ట్‌ముట్టే డబ్బింగ్ చెప్పాడు. అతణ్ణి ఒక్కసారి కూడా కలవలేదు. కానీ అతనెప్పుడు గుటక వేస్తాడో, ఎప్పుడు నాలుక తడబడుతుందో అతని భార్యకన్నా హార్ట్‌ముట్‌కే బాగా తెలుసని ఆయన భార్య గుడ్రున్ దెప్పుతూ ఉంటుంది.

ఇప్పుడు పందొమ్మిదేళ్ల తర్వాత క్రాంప్ రెండో సినిమా వస్తోంది. దాని జర్మన్ డబ్బింగ్‌కు దర్శకురాలు వాళ్ల కూతురు ఫ్రీడెరికే. ఇంట్లో రీకే అంటారు. నలభై ఆరేళ్ల రీకే అదే భవనంలో రెండో అంతస్తులో ఉంటుంది. శనివారాలు టిఫినుకు పైకి వస్తుంది. ఈ సినిమా సంగతి ఊరంతా మాట్లాడుకుంటున్నా, మూడు వారాలుగా ఆ బల్ల దగ్గర మాత్రం ఎవరూ దాని పేరు ఎత్తలేదు.

ఆ శనివారం హార్ట్‌ముట్ ఎత్తాడు. ఉడికిన గుడ్డు నెత్తిమీద చెంచాతో తడుతూ, వానొస్తుందా అన్నంత మామూలుగా అడిగాడు.

"క్రాంప్‌కి ఎవర్ని ఖాయం చేశావు?"

రీకే బన్నుకు వెన్న రాస్తోంది. "సోమవారం పొద్దున పేరు పంపాలి నాన్నా. రెండో నంబరు అనుకుంటున్నా."

"బాగా చెప్పాడా?"

"నీలాగే చెప్పాడు. అప్పటి నీలాగా."

నంబర్ల పద్ధతి రీకే పెట్టిందే. గొంతు పరీక్షకు వచ్చినవాళ్ల పేర్లు తనకు తెలియకూడదని, ఒక్కో గొంతుకు ఒక్కో నంబరు మాత్రమే వేసి పంపమని స్టూడియోలో అందరికీ చెప్పింది. తనవాళ్లకు పని ఇప్పించుకుందన్న మాట పడకూడదని ఆమె పట్టుదల.

"మరి నాలుగో నంబరు?" అన్నాడు హార్ట్‌ముట్.

నాలుగో నంబరు ఉందని తండ్రికెలా తెలుసో రీకేకు తట్టలేదు. "అదా? ఎవరో పెద్దాయన. మాటకీ మాటకీ మధ్య రొప్పుతున్నాడు, పాపం. అలాంటివాళ్లని ఎందుకు పిలుస్తారో! ఇంటిపట్టున ఉండాల్సిన మనిషి."

గుడ్రున్ చెంచా పళ్లెంలో పెట్టేసింది.

"ఆ పెద్దాయన నేనే," అన్నాడు హార్ట్‌ముట్.

రీకే చేతిలో బన్ను చేతిలోనే ఉండిపోయింది. ఆయన గొంతు పెంచకుండా జరిగింది చెప్పాడు. సౌండ్ ఇంజనీరు ఊవే పోయిన వారం ఫోన్ చేశాడు. మీరు పని మానేశారట, క్రాంప్‌ని ఇంకొకరి గొంతులో వినాలంటే మనసొప్పడం లేదు అన్నాడు. తను మానేసిన సంగతి హార్ట్‌ముట్‌కు అప్పుడే తెలిసింది. గురువారం మధ్యాహ్నం వెళ్లి, అందరితో పాటు ఒక నంబరు వేయించుకుని చెప్పి వచ్చాడు.

"నేను మానేశానని వాళ్లకి ఎవరు చెప్పారు?"

"నేనే."

"నన్ను అడిగావా?"

అడగలేదు. రెండేళ్ల కిందట ఒక రేడియో నాటకంలో ఆయనకు వాక్యం మధ్యలో ఊపిరి అందలేదు. కుర్ర దర్శకుడు ఒకే ముక్క పదకొండుసార్లు చెప్పించాడు. ఆ సాయంత్రం నాన్న భోజనం ముట్టుకోకుండా కిటికీ దగ్గర కూర్చోవడం రీకే చూసింది. ఇంకెవరి ముందూ ఆయనకు ఆ గతి పట్టకూడదని, అందులోనూ తన కళ్ల ముందు పట్టకూడదని అప్పుడే అనుకుంది. ఇప్పుడు అదంతా చెప్పి, నీ మంచి కోరే చేశానంది.

"పన్నెండోసారి సరిగ్గా చెప్పాను," అన్నాడాయన. "నాటకం పూర్తి చేశాను. మర్నాడు అన్నీ తిన్నాను. అది నువ్వు అడగలేదు. పని ఇవ్వలేదని కాదమ్మా. బాగా లేకపోతే ఇంకొకరికి ఇవ్వు, అది నీ ఉద్యోగం. కానీ నీకు జోలపాట పాడింది ఈ గొంతు. దాన్ని విని ఎవరో పెద్దాయన అన్నావు."

ఆయన లేచి తన గదిలోకి వెళ్లాడు. పగిలిన గుడ్డు గిన్నెలో అలాగే ఉండిపోయింది.

గుమ్మం దగ్గర కోటు తొడుక్కుంటున్న కూతురి పక్కన గుడ్రున్ వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి, అవసరం లేని మాట ఆడదు.

"ఆయనదీ తప్పుంది. నోరు తెరిచి అడగమని మూడు వారాలుగా మొత్తుకుంటున్నా. ఆయన అడగడు, నువ్వు చెప్పవు. సరే గాని, ఆ గొంతులు ఎక్కడ కూర్చుని విన్నావు?"

"రైల్లో. ఫోన్లో పెట్టుకుని."

"రైల్లో," అంది గుడ్రున్.

ఆ ఒక్క మాట రీకేను స్టూడియో దాకా తరిమింది. డబ్బింగ్ గొంతును బొమ్మ చూడకుండా తేల్చకూడదని ఆమెకు పద్దెనిమిదో ఏట నేర్పింది నాన్నే. అదే పాఠాన్ని ఆమె ఇప్పుడు కుర్రవాళ్లకు చెబుతోంది. అలాంటిది వారమంతా తీరిక లేక, రెండు స్టేషన్ల మధ్య నలుగురి భవిష్యత్తు తేల్చేసింది.

శనివారం కాబట్టి స్టూడియోలో ఎవరూ లేరు. తాళం తీసి, తెర ముందు కూర్చుంది. సినిమా ముందే బయటికి పొక్కకుండా కంపెనీ వాళ్లు బొమ్మనంతా నల్లగా కప్పేసి పంపారు. నటుడి నోరు మాత్రం గుండ్రటి కన్నంలోంచి కనిపిస్తుంది. దాన్ని చూసే మాట కలపాలి. దృశ్యం ఏమిటన్నది కాగితంలో రెండు ముక్కల్లో రాసి ఉంది: 'గంట గోపురం మెట్లు. కాపలావాడు వెంట ఉన్నాడు. క్రాంప్ ప్రతి మలుపులో ఆగి, బూటు లేసు ఊడిందంటాడు.'

ముందు రెండో నంబరు పెట్టింది. గొంతు కంచులా మోగింది. కానీ తెర మీది నోరు తెరుచుకుని గాలి కోసం వెతుకుతుంటే, ఆ గొంతు హాయిగా మాట్లాడుకుంటూ పోయింది.

తర్వాత నాలుగో నంబరు పెట్టింది. ఆ నోరు ఎక్కడ ఆగిందో గొంతు అక్కడ ఆగింది. మూడో మలుపు దగ్గర పెదవులు ఒక్క క్షణం వణికి మూసుకున్నాయి. సరిగ్గా అక్కడే నాలుగో నంబరు ఊపిరిని దిగమింగి, ఏమీ జరగనట్టు, "ఒక్క నిమిషం. లేసు ఊడింది" అన్నాడు. రీకేకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి.

క్రాంప్ కూడా ముసలివాడయ్యాడు. ఆ సంగతి ఈ నల్ల బొమ్మలో రెండు పెదవులను చూసి నాన్న పట్టుకున్నాడు. తను మాత్రం పందొమ్మిదేళ్ల కిందటి గొంతు కోసం వెతికింది, గూఢచారిలోనూ నాన్నలోనూ. ఆ రొప్పు ఆమెకు కొత్త కాదు. తన గుమ్మం అవతల, మెట్ల మీద రోజూ వినిపించేదే. వినిపించినప్పుడల్లా రేడియో కాస్త పెంచుకుంది.

నాలుగు గంటలకు ఇంటికొచ్చేసరికి రెండో అంతస్తు మలుపులో, ఆమె తలుపు పక్కనే, హార్ట్‌ముట్ చేతిలో ఆపిల్ పళ్ల సంచితో నిలబడి గోడ మీది నోటీసు శ్రద్ధగా చదువుతున్నాడు. రీకే వెళ్లి పక్కన నిలబడి తనూ చదివింది. చిమ్నీలు శుభ్రం చేసేవాళ్లు మార్చిలో వస్తారని అందులో ఉంది. ఇప్పుడు అక్టోబరు.

ఆయన ఊపిరి కుదుటపడే దాకా ఇద్దరూ నోటీసు చదువుతూనే ఉన్నారు.

"బొమ్మ పెట్టుకుని విన్నాను నాన్నా," అంది అప్పుడు. "మూడో మలుపులో ఊపిరి మింగావు. రెండో నంబరుకి అది కనపడలేదు."

"ఆ ముక్క తొమ్మిదిసార్లు చూశాను." గొంతులో కాస్త గర్వం ఉంది. వెంటనే ముఖం గట్టిపడింది. "జాలిపడి ఇస్తానంటే మాత్రం వద్దు రీకే."

"జాలి కాదు. ఆ నోటికి సరిపోయే గొంతు ఇదొక్కటే. సోమవారం నీ పేరు పంపుతున్నా. ఎవరేమన్నా నేను చూసుకుంటా. మర్నాడు తొమ్మిదికి మొదలుపెడదాం. ఎన్నిసార్లు చెప్పాల్సొచ్చినా చెప్పిస్తా, నాన్నవని వదలను."

"వదిలితే నేనే ఊరుకోను."

ఆమె ఒక అడుగు దగ్గరకు జరిగింది. "మెట్ల మీద ఆ ఆయాసం రోజూ వింటూనే ఉన్నాను. వినలేదని నాకు నేను చెప్పుకున్నా. భయమేసింది నాన్నా."

హార్ట్‌ముట్ ఆమె తల మీద చెయ్యి వేశాడు. "నాకూ వేస్తుంది," అన్నాడు. ఇంట్లో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

మీ అమ్మ పొద్దుటి గుడ్లు పారేయకుండా దాచి ఉంటుంది, పైకి రమ్మన్నాడు. రీకే సంచి అడగబోయి మానుకుని, ఆయన పక్కనే ఎక్కడం మొదలుపెట్టింది. మూడో అంతస్తు చేరేలోగా ఆయన శ్వాస మళ్లీ బరువెక్కింది. ఆ మలుపులో నోటీసు బోర్డు లేదు, చదవడానికి ఏమీ లేదు. రీకే చప్పున వంగి కూర్చుంది.

"ఒక్క నిమిషం నాన్నా. లేసు ఊడింది."

హార్ట్‌ముట్ కిందికి చూశాడు. ఆమె వేసుకున్నవి జిప్పు బూట్లు. ఆయన ఆపిల్ సంచి మెట్టు మీద పెట్టి, రెయిలింగుకు ఆనుకుని, తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"గట్టిగా కట్టుకో తల్లీ," అన్నాడు. "తొందరేం లేదు."