శశి సగంలో వదిలిన పని

ఆదివారం పొద్దున అలివేలు ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, చట్నీకి కొబ్బరి తురుముతూ ఉంది. బయట రేకుల షెడ్డు కింది నుంచి కీచుమని ఒక చప్పుడు వచ్చింది. కారు బానెట్ ఎత్తితే వచ్చే చప్పుడు అది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో వినపడని చప్పుడు. కొబ్బరి చిప్పను అక్కడే వదిలేసి, తడి చేతులతోనే బయటికి పరుగెత్తింది.

కోడలు దివ్యశ్రీ కారు ముందు నేల మీద కూర్చొని ఉంది. కారుకు కప్పిన పట్టా మడతపడి గోడ పక్కకు చేరింది. ఆమె చేతిలో స్పానరు ఉంది.

ఆ స్పానరును కారులో పెట్టిపోయింది శశికుమార్. అలివేలుకు వాడొక్కడే కొడుకు. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో మెషిన్లు బాగుచేసే పని. ఇంట్లో ఏది చెడినా బయటి మనిషిని పిలవనిచ్చేవాడు కాదు. రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో కారు ఏసీ కాసేపు చల్లగాలి, కాసేపు వేడిగాలి ఇస్తుంటే, ఒక ఆదివారం తానే బంపరు విప్పి కూర్చున్నాడు. గ్యాసు ఎక్కడ కారుతోందో కనిపెట్టి, ఆ పైపు జాయింటు ఊడదీసి, దుమ్ము పోకుండా రెండు మూతులకీ ప్లాస్టిక్ కవరు చుట్టాడు. అంతలో ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. మెషిను ఆగిపోయిందట. సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పి, స్పానరు బంపరు తీసిన చోటే పెట్టి వెళ్ళాడు. అక్కడే గుండె నొప్పి వచ్చింది. ఆసుపత్రికి చేర్చేలోగా ప్రాణం పోయింది.

ఆ తర్వాత ఆ కారును అలివేలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. శశితో పనిచేసిన మోహన్‌రాజ్ వచ్చి బిగించిపెడతానంటే కూడా వద్దంది. రోజూ వాకిలి ఊడ్చాక పట్టా కొంచెం ఎత్తి చూసుకునేది. ఆ స్పానరు అక్కడ ఉన్నంతసేపూ, వాడు చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయినట్టే ఉండేది ఆమెకు.

"ఎవర్ని అడిగి తీసినావు?" అంది అలివేలు.

"ఎవర్నీ అడగలేదత్తా. అడిగింటే వద్దంటావని తెలుసు."

అలివేలు కోడలి చేతిలోంచి స్పానరు లాక్కుంది. కొంగుతో తుడవబోయి, దాని మీది వాడి చేతి మరకలు పోతాయేమోనని ఆగిపోయింది. లోపలికి వెళ్ళింది. ఇడ్లీలు గట్టిపడ్డాయి. రెండు పళ్ళేల్లో పెట్టింది గాని, ఎవరూ తినలేదు.

అలివేలుకు వేరే భయం ఉంది. దివ్యశ్రీ పుట్టిల్లు కుప్పం. పిల్లలు లేరు, వయసు ముప్పై దాటలేదు. వచ్చేయమని తల్లి, అన్న ఎప్పటి నుంచో పిలుస్తున్నారు. పోయిన వారం దివ్యశ్రీ ఫోనులో "బండి బాగైనాక వస్తానులేమ్మా" అనడం అలివేలు చెవిన పడింది. అప్పటి నుంచి ఆమెకు సరిగా ముద్ద దిగడం లేదు. ఆఫీసు నుంచి కోడలు రావడం ఒక్క రవ్వ ఆలస్యమైతే వీధి మొగలోకి వెళ్ళి నిలబడుతోంది.

చేతులు కడుక్కోవడానికి దివ్యశ్రీ వంటింట్లోకి వచ్చినప్పుడు అలివేలు ఇక ఉండబట్టలేకపోయింది.

"పోవాలని ఉంటే నేరుగా చెప్పు. నేను అడ్డం పడను. చిన్నదానివి, నన్ను కాచుకొని ఎంతకాలం ఉంటావు? అయితే దానికి వాని కారు పీకాల్నా?"

దివ్యశ్రీ కొళాయి కట్టేసింది.

"పోయేదానికైతే కారు ఎందుకత్తా? కుప్పానికి బస్సులు లేవా?" అంది. "నిన్ను సామల్పట్టికి తీసుకొనిపోవాలని చేస్తా ఉండాను."

సామల్పట్టిలో అలివేలు అక్క కాళమ్మ తుంటి విరిగి, ఉగాది నుంచి మంచం మీద ఉంది. ఫోను చేసినప్పుడల్లా చెల్లెలిని ఒక్కసారి చూడాలని ఏడుస్తోంది. పోయిన ఎండాకాలం కృష్ణగిరి బస్టాండులో అలివేలు కళ్ళు తిరిగి పడిపోయింది. ఎండలో ప్రయాణాలు మానుకోమన్నాడు డాక్టరు. కోడలు టాక్సీ పిలుస్తానంటే, ఇంట్లో కొడుకు కారు ఉండగా ఊళ్ళోవాళ్ళ బండి ఎక్కనని మొండికేసింది. ఆ మాట అన్న సంగతి ఆమెకే గుర్తు లేదు. కోడలు గుర్తు పెట్టుకుంది.

"ఏసీ లేకుండా ఈ ఎండలో నిన్ను తీసుకొనిపోలేను. నువ్వు వేరే బండి ఎక్కవు. ఇంగ నేనేం చేయాల? దోవలోనే కుప్పానికి పోయి మా అమ్మనీ చూసి, ఇద్దరమూ తిరిగి వచ్చేద్దామనుకున్నాను."

తడి చేతులు తుడుచుకుంటూ దివ్యశ్రీ మళ్ళీ అంది.

"నీకు కొడుకు, నిజమే. ఆ పొద్దు టార్చి పట్టుకొని ఆయన పక్కన ఉండింది నేను. ఆఫీసుకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఆ కారును చూస్తానే ఉండాను. పని సగంలో ఉంటే మనిషి వస్తాడని నేనూ అనుకున్నాను అత్తా. రాలేదు."

అలివేలు గడప మీద కూర్చుంది. తన దుఃఖం పక్కనే ఇంకొకటి అదే ఇంట్లో, అదే పట్టా కింద దాక్కొని ఉందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. చాలాసేపటికి లేచి వెళ్ళి, స్పానరు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

దివ్యశ్రీ ఫోను చేస్తే మధ్యాహ్నానికి మోహన్‌రాజ్ వచ్చాడు. వ్యాక్యూమ్ పంపు, గేజీలు, ఏసీ గ్యాసు, కారుకు కొత్త బ్యాటరీ తెచ్చాడు. జాయింటులో అరిగిన రబ్బరు రింగు తీసి దివ్యశ్రీ కొత్తది వేసింది. పైపు ఇన్నాళ్ళు తెరిచి ఉంది గనుక, లోపలి తేమ పీల్చే డ్రయరు కూడా మార్చారు. పంపు ఆడించి, లోపలి గాలంతా లాగేసి ఆపారు. గేజీ ముల్లు నిలబడలేదు. మెల్లమెల్లగా వెనక్కి వచ్చేసింది.

"ఇంకొక తావ లీకు ఉండాది అక్కా. శశి చూసింది ఒకటే," అన్నాడు మోహన్‌రాజ్.

దివ్యశ్రీ ముఖం వాడిపోయింది. మోహన్‌రాజ్ పైపులోకి కొంచెం గ్యాసు పంపి, సబ్బునీళ్ళు కావాలన్నాడు. అలివేలే గిన్నెలో నురగ కలిపి తెచ్చింది. గిన్నె ఇచ్చి లోపలికి పోలేదు. వాళ్ళు ఒక్కొక్క జాయింటుకూ నురగ పూస్తుంటే, కారు పక్కనే ముక్కాలి పీట వేసుకొని కూర్చొని, వంగి చూస్తూ ఉంది. హెడ్‌లైట్ వెనక మూలలో ఒక బుడగ లేచి పగిలింది. దాని వెంటే ఇంకొకటి.

"దివ్యా, ఈడ చూడు," అంది.

అక్కడి రింగు కూడా మార్చారు. మళ్ళీ పంపు ఆడించారు. ఈసారి ముల్లు కదలలేదు. గ్యాసు నింపి ఇంజిను స్టార్టు చేసి, దివ్యశ్రీ ఏసీ బటను నొక్కింది. ముందు భాగంలో ఏసీ కంప్రెసరు టక్కుమని తిరగడం మొదలుపెట్టింది. మోహన్‌రాజ్ నవ్వాడు. దివ్యశ్రీ దిగివచ్చి అత్తను చెయ్యి పట్టుకొని ముందు సీట్లో కూర్చోబెట్టింది. మొదట మూసిన గది వాసన వచ్చింది, తర్వాత గోరువెచ్చటి గాలి, ఆ వెనక చల్లగాలి. అది ముఖానికి తగలగానే అలివేలు రెండు చేతులతో ముఖం కప్పుకొని ఏడ్చింది. దివ్యశ్రీ ఆమె భుజం మీద తల ఆనించింది. మోహన్‌రాజ్ సామాన్లు సర్దుకునే నెపంతో గేటు అవతలికి వెళ్ళి, ముక్కు చీదుకున్నాడు.

మరుసటి వారం ఇద్దరూ బయలుదేరారు. కృష్ణగిరి దగ్గర రోడ్డు పక్కన మామిడికాయల బుట్టలు వరసగా ఉన్నాయి. అక్క కోసం దిగి ఒక బుట్ట కొన్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కారు మళ్ళీ కదిలాక అలివేలు చాలాసేపు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. శశి పోయిన రోజు గురించి ఈ రెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు. ఒకరు ఏడిస్తే ఇంకొకరు తట్టుకోలేరని, ఇద్దరూ దాచుకున్నారు.

"ఆ పొద్దు వాడు నీతో ఏమేం మాట్లాడినాడు?" అని అడిగింది అలివేలు. "ఒక్క మాట కూడా ఇడవకుండా చెప్పమ్మా."

దివ్యశ్రీ ఫ్యాను వేగం తగ్గించింది, మాట వినపడేలా. కళ్ళు రోడ్డు మీదే ఉంచి చెప్పడం మొదలుపెట్టింది. టార్చి సరిగా పట్టుకోలేదని ఆయన విసుక్కున్న దగ్గర నుంచి.

అలివేలు చిన్నగా నవ్వింది. "వాళ్ళ నాయన మాదిరే," అంది.

సామల్పట్టి వచ్చేదాకా ఆ మాటలు తెగలేదు. కాళమ్మ ఇంటి ముందు కారు ఆగినా, అలివేలు తలుపు తీయలేదు.

"ఉండు, దిగుదాం," అంది. "తర్వాత ఏమన్నాడు?"