పదకొండు ఎర్త్ గుంతలు

ఆ పొద్దున ఆకాశం తూర్పున తెల్లవారింది కానీ పడమట తెల్లవారలేదు. పడమటి సగం తుప్పు పట్టిన రేకులా ఎర్రగా, కదలకుండా నిలిచి ఉంది. గాలి లేదు. మధ్యాహ్నం రెండింటికి మింటిధార, ఆకాశం నుంచి నేలకు దిగే కరెంటు, వస్తుందని భుజాన మోసే తనిఖీకన్ను అనే మర చెప్పింది. లైను బోర్డుల తనిఖీకి వచ్చిన సుంకమ్మ ముంజేతి వెంట్రుకలు అప్పటికే లేచి నిలబడ్డాయి. ఇంకా ముందే వస్తుందని ఆమెకు అర్థమైంది.

గుట్టకింద కొట్టాలలో పదకొండు ఇళ్లు. మొదటిది మారెక్కది. ఇంట్లో నలభై దినాల బిడ్డ. చలిగదిలో దూలం ఇనుప కొక్కేనికి ఉయ్యాల వేలాడుతోంది.

"చెప్పులు బయట్నే ఇడువు. బిడ్డ ఇప్పుడే నిద్రపోయినాది" అంది మారెక్క మెల్లగా. "అయినా ఈ బోర్డుకు తనిఖీ ఏంటికి? తిప్పన్న మామ చేత్తో పెట్టింది. దానికేం రోగమొస్తాది?"

సుంకమ్మ భుజాన ఉన్న కన్నును బోర్డు ముందు నిలిపింది.

"నేల విలువ సున్నా దశాంశం నాలుగు. పచ్చముద్ర" అంది కన్ను.

సుంకమ్మ కదల్లేదు. ఏడు నెలలుగా వాన లేదు. వచ్చే దారిలో ఇంటి వెనక, కరెంటును నేలలోకి దించే ఎర్త్ గుంత చూసింది. మూత చుట్టూ నేల అరచెయ్యి పట్టేంత నెర్రె విచ్చి ఉంది. అంత ఎండిన గుంతకు తొమ్మిదో పదో రావాలి. అయిదు దాటితే ఎర్రముద్ర. సున్నా దశాంశం నాలుగు ఏటిగట్టున కూడా రాదు. ఆ మంచి అంకె చూసే ఆమెకు భయమేసింది.

పచ్చముద్ర పడిన బోర్డు తెరవనక్కర లేదు. ఆమె తెరిచింది.

లోపల ప్రతి తీగా గీత గీసినట్టు తిన్నగా ఉంది. అడుగున, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ నుంచి ఎర్త్ తీగకు వేలెడంత తీగముక్క. అది ఉంటే కన్ను గుంతను కాక స్టేషన్ న్యూట్రల్‌నే కొలుస్తుంది. రెండు కొసలూ స్క్రూ బిగిసే దిక్కుకే వంగి, అంచులు ఆకురాయితో నున్నగా అరగదీసి ఉన్నాయి. తిప్పన్న దగ్గర పని నేర్చుకున్నప్పుడు ఆ వంపుకే ఆమెకు ఆరు నెలలు పట్టింది. ఎదురు దిక్కున వంచిన ప్రతి కొసనూ తిప్పన్న కత్తిరించి పారేసేవాడు. ఇంత పొందికగా అబద్ధం బిగించగల చెయ్యి ఈ లైను మీద ఇంకొకటి లేదు.

మింటిధార తాకినప్పుడు స్టేషన్ న్యూట్రల్‌ను రెండు క్షణాలు వదిలేస్తుంది. ఆ రెండు క్షణాలూ ఎర్త్ గుంతే దిక్కు. గుంత ఎండి ఉండి, ఈ ముక్క ఉంటే, ధార నేలలోకి దిగక ఇంట్లోని ఇనుమంతా పాకుతుంది. తలుపుకు, పంపుకు, కొక్కేనికి.

ఆమె ఉయ్యాల వైపు చూడకుండా బయటికి నడిచింది.

తిప్పన్నది చివరి ఇల్లు. గోడనీడలో కూర్చుని చెనిక్కాయలు వలుస్తున్నాడు.

"మారెక్క బోర్డు తెరిచినా మామా."

ఆయన వేళ్లు ఆగాయి. "మంచి బోర్డేనా?"

"శానా మంచి బోర్డు. ఎన్నిండ్లలో పెట్టినావు ఆ ముక్క?"

"పదకొండూ."

ఆయన చేతిలోని కాయను పక్కన పెట్టాడు. "మూడేండ్ల కిందట గుంతలెండి నీ కన్ను ఎర్రముద్ర ఏసింది. చలిమరలకిచ్చే కరెంటు, చలివాటా, ఆపేసినారు. నలభై తొమ్మిది డిగ్రీలు. ఆ వారంలో ఇద్దరు ముసలోళ్లు పోయిరి. మారెక్క పెద్దబిడ్డ పోయె. నన్నేం చెయ్యమంటావు? పోయి వానను పిల్చుకొని రావల్లనా?"

"గుంతలో నీళ్లు పోయల్ల. నువ్వు చెప్పిందే."

"తాగేకే మనిషికి మూడు చెంబులు. గుంతకు పోస్తే వృథా అని రాస్తారు, వాటా కోస్తారు." ఆయన పడమటికి చూశాడు. "మింటిధార ఎప్పుడూ ఆ గుట్టలకే పోతాండె. ఈ పక్కకు రాదనుకుంటి."

ఆకాశంలోని ఎరుపు గుట్టలను దాటి ఈ పక్కకు వంగి ఉంది.

ముక్కలు అలాగే ఉంచితే ధార. తీసేస్తే ఎర్రముద్ర, పొద్దుగూకేలోగా ఉడికిపోయే గదులు, మారెక్క రెండో బిడ్డ.

"బిందెలన్నీ తెమ్మని చెప్తా" అంది సుంకమ్మ.

ఇంటింటికీ పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. తిప్పన్న పేరు దాచలేదు. తిప్పన్న ఆమె వెనకే తల వంచుకుని నిలబడ్డాడు.

"తాగే నీళ్లా? గుంతలోనా?" అంది నాగులక్క. "ఎండ తలకెక్కిందేమే నీకు? మళ్లీ నీళ్లొచ్చేదాకా మూడు దినాలు మేమేం తాగల్ల, నీ మాటలా?"

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. మారెక్క లోపలికి పోయి నిండు బిందె నడుమున పెట్టుకుని వచ్చింది. తిప్పన్న ముందు ఆగి ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత గుంత మూత కాలితో తోసి, నీళ్లు వంచింది. నేల బుసబుసమంటూ తాగింది.

"ఉప్పు కూడా తెండి. ఉప్పునీళ్లయితే ధార బాగా దిగుతాది" అంది సుంకమ్మ.

ఆమె ఈ కొస నుంచి, తిప్పన్న తన ఇల్లు వదిలి ఆ కొస నుంచి మొదలుపెట్టారు. గుంత తడిశాక ముక్క విప్పడం, ఎర్త్ తీగ బిగించడం, లాగి చూడడం. పడమర నుంచి ఉరుము కాదు, దంతాలలో సన్నగా మోగే ఒక రొద వస్తోంది. సుంకమ్మ వేళ్లలోంచి రెండుసార్లు స్క్రూ జారి పడింది. భయపడిన చెయ్యి సగం బిగించి వదిలేస్తుందని ఆమెకు తెలుసు. అందుకని ప్రతి స్క్రూనూ రెండోసారి తిప్పింది. ప్రతి తీగనూ లాగింది. ఒక్కటీ వదల్లేదు.

"నేల విలువ నాలుగు దశాంశం ఒకటి. పచ్చముద్ర" అంది కన్ను, ఆమె ఆఖరి బోర్డు ముందు. కాసేపాగి, "నలభై బిందెల నీరు వృథా. కారణం చెప్పండి."

"ఎర్త్ గుంతల్లో పోసినాము."

"కారణాల పట్టికలో లేదు. మళ్లీ చెప్పండి."

సుంకమ్మ స్క్రూడ్రైవర్ దించింది. చెబితే తిప్పన్నకు ఈ లైను పని పోతుంది. తన పనీ పోవచ్చు. చెప్పకపోతే లైను పొడుగునా ఇంకెన్ని ఊళ్లలో ఆ ముక్కలున్నాయో.

"నా పేరు మీద రాసుకో" అంది. "ముద్రలు అబద్ధం. లైను మీద పచ్చముద్ర ఉన్న బోర్డులన్నీ తెరిపించల్ల."

కన్ను దీపం పచ్చకూ ఎరుపుకూ నడుమ కొట్టుకుంటూ ఉండిపోయింది.

సంగటికని ఉంచిన ఒక్క బిందె తప్ప, పది గుంతలకే నీళ్లు అయిపోయాయి. తిప్పన్న నీళ్లందని తన ఇంట్లో ముక్క విప్పి, మెయిన్ స్విచ్ దించి బయటికొచ్చాడు. లోపల చలిమర ఆగిపోయింది.

అందరూ ఇళ్లలో, ఇనుముకు దూరంగా, చాపల నడుమ కూర్చున్నారు. మారెక్క బిడ్డను ఉయ్యాల నుంచి తీసి రొమ్ముకు హత్తుకుంది. సుంకమ్మ, తిప్పన్న మారెక్క ఇంటి అరుగు మీద మోకాళ్లు ముడుచుకున్నారు.

పన్నెండు కాకముందే వచ్చింది. మొదట నీడలన్నీ మాయమయ్యాయి. ఆ తెల్లదనంలో సుంకమ్మ ఒకటి లెక్కపెట్టింది. రెండు లెక్కపెట్టలేకపోయింది. తర్వాత చప్పుడు, నేల అదురు. కళ్లు తెరిచేసరికి పది గుంతల నుంచి ఆవిరి లేస్తోంది.

మారెక్క తలుపు వెనక ఏ అలికిడీ లేదు. అది ఇనుప తలుపు. సుంకమ్మ లేవబోతే తిప్పన్న ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టాడు. తానే పోయి, కరెంటుందేమోనని వేళ్ల వెనుకవైపు తలుపుకు ఆనించాడు. అలాగే నిలబడ్డాడు. తర్వాత తెరిచాడు.

బిడ్డ పాలు తాగుతోంది.

ఊరంతటికీ కలిపి ఒక బిందె మిగిలింది. ఆ నీళ్లతో నాగులక్క పెద్ద దబరలో సంగటి కెలికింది. అరుగు మీద అందరూ వరసగా కూర్చున్నారు. ఎవరి పక్కనా చెంబు లేదు. తిప్పన్న దూరంగా, తన వాకిట్లో ఉండిపోయాడు. మారెక్క తట్టలో సంగటి ముద్ద పెట్టి, వేలితో గుంట చేసి, ఊరిబిండి పచ్చడి వేసి, తీసుకుపోయి ఆయన ముందు దించింది. వెనక్కి రాలేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. కాసేపటికి నాగులక్క తన తట్ట పట్టుకుని లేచింది. ఒక్కొక్కరే లేచి ఆ వాకిట్లోకి నడిచారు. సుంకమ్మ చివరగా కూర్చుంది.

ఎండిన గొంతుల్లో ముద్దలు మెల్లగా దిగాయి.