తెల్ల మెట్టు దగ్గర మూడు నిమిషాలు

పొద్దున్న ఆరున్నరకి కుక్కరు రెండో కూత వేసేసరికే ఆ ఇంట్లో ముగ్గురూ చిరాగ్గా ఉన్నారు. అత్తగారు వంటింట్లో రొట్టెల పిండి మీద తన కోపమంతా చూపిస్తోంది. కొడుకు తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదికీ ముందు గదికీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కోడలు ముందు గదిలో నేల మీద కూర్చుని, అరచేతిలో ఇమిడే కెమెరా ఒకదాన్ని తిప్పి తిప్పి చూస్తోంది. పన్నెండు రోజులుగా ఆ ఇంటిని పీక్కుతింటున్నది ఆ బుల్లి కెమెరాయే.

కోడలిది నీళ్ళలోకి దిగే ఉద్యోగం. జలాశయం గేట్లు అడుగున ఎలా ఉన్నాయో, అతుకులు నిలిచాయో విడిచాయో, రబ్బరు పట్టీలు ఎక్కడ చిరిగాయో చూసి, నుదుటికి కట్టుకున్న ఆ కెమెరాతో వీడియో తీసుకురావాలి. గట్టు మీదుండే ఇంజినీరు నీళ్ళలోకి దిగడు కాబట్టి ఆయనకి ఆ వీడియోయే కళ్ళు. పెళ్ళయిన ఆరేళ్ళకి, ముప్ఫై రెండేళ్ళ వయసులో, తనకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చుకున్న పని అది. దానికోసం ఆమె ఎన్ని మాటలు పడిందో ఆమెకే తెలుసు. సగం మాటలు అత్తగారివే.

రోజూ దిగుతున్నా, ఉద్యోగం ఖాయం కావడానికి లెక్కలోకొచ్చేవి మూడు గేట్ల వీడియోలు. మొదటి రెండూ తిరిగొచ్చాయి. ఇందులో గేటు కనబడట్లేదమ్మా, చిక్కటి పాలు కనబడుతున్నాయి అన్నాడు ఇంజినీరు. ఇవాళ మూడోది. ఇదీ పోతే ఆమెని స్టోరు గదిలో గాలి సిలిండర్లకి చీటీలు కట్టే పనిలో కూర్చోబెట్టి, నీళ్ళలోకి ఇంకొకర్ని దింపుతారు. జీపు ఎనిమిదింటికి వస్తుంది.

కోడలి మొగుడికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఫోన్లు బాగుచేసినవాడికల్లా కెమెరాలు తెలియాలని లేదు. కానీ ఆ మాట చెప్పి పిల్లి మెడలో గంట కట్టేదెవరు? మొదటిరోజు గాజు మురికన్నాడు, కళ్ళజోడు గుడ్డతో తుడిచాడు. రెండోరోజు మెమరీ కార్డు నెమ్మదిగా ఉందన్నాడు, మార్చాడు. మూడోరోజు వీడియో నాణ్యత పెంచి పెట్టాడు, దాంతో గాజుకి పట్టిన మంచు మరింత నాణ్యంగా కనబడింది. ఆపైన లైటు తగిలించాడు, సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాడు. ఓ సాయంత్రం బకెట్లో ముంచి అరగంట దాని ముందు గొంతుక్కూర్చున్నాడు కూడా. బకెట్లో ఆ కెమెరా ఎంత బుద్ధిగా ఉందంటే, అడుగునున్న సబ్బు ముక్క మీద అక్షరాలు చదవొచ్చు. మర్నాడు జలాశయంలో దిగిన ఇరవై నిమిషాలకి మళ్ళీ అదే మంచు.

ఈ మరమ్మతులన్నిటికీ అత్తగారు గుమ్మంలో నిలబడి వ్యాఖ్యానం చెప్పేది. భూమ్మీద పనులన్నీ అయిపోయినట్టు నీళ్ళలోకి దిగే ఉద్యోగమేమిటో, ఇది పోతే పోనీ, ఇంకోటి దొరక్కపోదు అనేది. కోడలు రోజూ జీపు ఎక్కుతూ "వెళ్తున్నా" అని కేకేస్తే, "వెళ్తున్నా ఏమిటి, వెళ్ళొస్తా అనాలి" అని వంటింట్లోంచే సరిదిద్దేది. కోడలు వినిపించుకునేది కాదు.

ఆ పొద్దున్న మొగుడు కొట్టునుంచి తెచ్చిన చిన్న పొట్లాన్ని పెట్టెలో పెడదామని కోడలు కెమెరా తీసింది. కొత్త చెప్పుల డబ్బాల్లో తేమ పీల్చడానికి పెడతారే, ఆ గింజల పొట్లం. కెమెరా నీళ్ళలో తడవకుండా దానికో గట్టి ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. ముందు గాజు, వెనక తలుపు, పైన కొక్కెం. నిన్న సాయంత్రం ఫ్యాను కింద కూర్చుని, ఆరబెట్టి, తన చేత్తో ఆ కొక్కెం వేసింది. ఇప్పుడు ముట్టుకుంటే పెట్టె వెచ్చగా ఉంది. కొక్కెం మీద తెల్లగా, బొటనవేలంత, ఎండిన పిండి మరక.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"దీన్నెవరు తెరిచారు?"

"నేను కాదు" అన్నాడు వెనకాలే వచ్చిన మొగుడు, గుమ్మడికాయల దొంగలా. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి, ఆవిరికి కిటికీ అద్దం చెమర్చి ఉంది. అత్తగారు అప్పడాల కర్ర పక్కన పెట్టింది.

"నేనే" అంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"పదీ పన్నెండు రోజుల్నుంచి. మీరు లేవకముందు."

కోడలు ఆ మరకని ఆవిడ ముందుకి చాపింది. నోటితో అంటే సరిపోలేదా అత్తయ్యా, చేత్తో కూడా మొదలుపెట్టారా అంది. ఆరేళ్ళు ఈ ఇంట్లో ఎదురు చెప్పకుండా పడి ఉన్నదాన్ని, నాకంటూ ఒక్క పని దొరికితే దానికీ అడ్డుపడాలా అంది. ఇవాళ ఈ వీడియో పోతే నా బతుకంతా చీటీలు కట్టుకోవడమే, మీకు చల్లగా ఉంటుందిగా అంది. ఇంకా చాలా అంది. మొగుడు ఆపబోయి, ఎవర్నాపాలో తెలియక, పొయ్యి మంట తగ్గించి ఊరుకున్నాడు.

అత్తగారు అంతా విన్నది. చివరికి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "పోతే పోనీ అన్నాను. వందసార్లన్నాను. కానీ ఎదురుగా అనేదాన్నే తప్ప వెనకాల గోతులు తవ్వేదాన్ని కాదు" అంది. కోడలి మొహంలోకి సూటిగా చూసింది.

"నన్నన్నావు సరే. నిన్న తెల్ల మెట్టు దగ్గర నువ్వెందుకాగలేదు?"

కోడలు చేతిలో పెట్టె కిందికి దించింది.

జలాశయం గోడకి అడుగుదాకా ఇనప నిచ్చెన ఉంటుంది. దాని మీద ఒక్క మెట్టుకి తెల్లరంగు వేస్తారు. లోతునుంచి పైకొచ్చేవాళ్ళు ఆ మెట్టు పట్టుకుని మూడు నిమిషాలు కదలకుండా ఉండి, ఒళ్ళు సర్దుకున్నాక పైకి రావాలి. ఆగకుండా వచ్చేస్తే ఒకరోజు ఏమీ కాదు, ఇంకోరోజు మనిషి ఒడ్డుకొచ్చాక కుప్పకూలిపోవచ్చు. నిన్న నుదుటి మీంచి కెమెరా తీసి చూస్తే గాజు మీద మళ్ళీ మంచు కనబడేసరికి ఆమెకి ఒళ్ళు మండి, ఆ మెట్టు దాటి గబగబా పైకొచ్చేసింది. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. గట్టు మీదవాళ్ళెవరూ గమనించలేదు.

"మీకెలా తెలుసు?" అంది కోడలు, చాలా చిన్నగా.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పన్నెండు రోజుల కిందట భోజనాల దగ్గర కోడలు ఒక కబురు చెప్పి నవ్వించింది. అడుగున గాలి గొట్టం ఏదో కొక్కేనికి తగులుకుని రెండు నిమిషాలు కదల్లేకపోయిందట, చేపలు చుట్టూ చేరి సినిమా చూసినట్టు చూశాయట. మొగుడు పొలమారేలా నవ్వాడు. అత్తగారు మాత్రం కంచంలో సగం వదిలేసి చెయ్యి కడిగేసుకుంది. ఆ మర్నాటినుంచి రోజూ తెల్లవారుజామున పొయ్యి వెలిగించి, నీళ్ళు పెట్టి, కొడుకు మరమ్మతులు చేస్తుండగా చూసి నేర్చుకున్న రెండే రెండు మీటలతో ఆ కెమెరా పెట్టుకునేది. పెట్టె మూసి ఉంటే తెర మీద వేలు పనిచెయ్యదు, అందుకని తెరిచేది. గేట్లూ అతుకులూ ఆవిడకక్కర్లేదు. చివరికంటా జరిపి, ఆఖరి ముక్క ఒక్కటే చూసేది. మంచు పట్టినా నిచ్చెన మీద తెల్ల గీత తెలిసేదట, అక్కడ కోడలి ఊపిరి బుడబుడమని వినబడేదట. తర్వాత నీళ్ళు తెల్లబడి ఎండ కనబడగానే, కెమెరా పెట్టెలో పెట్టేసి పిండి కలుపుకునేది.

"రోజూ సాయంత్రం ఇంటికొస్తూనే ఉన్నాను కదత్తయ్యా" అంది కోడలు.

"వచ్చావని తెలుసు. పక్కగదిలో పడుకునే ఉంటావు. అయినా నిన్న పైకొచ్చింది కళ్ళతో చూస్తేగానీ, ఇవాళ కూడా వస్తావని నాకు ధైర్యం చాలదు."

ఆ మాట అనేసి ఆవిడ గిన్నె వైపు తిరిగిపోయింది. కొడుకు మాత్రం కిటికీ అద్దానికి పట్టిన ఆవిర్నీ, భార్య చేతిలో పెట్టెనీ మార్చి మార్చి చూసి, నెత్తి కొట్టుకున్నాడు. వంటింటి ఆవిరి పెట్టె లోపల పడుతోందని, కొక్కెం వేస్తే అది అక్కడే ఉండిపోతోందని, అడుగున చల్లటి నీళ్ళు తగలగానే గాజుకి చెమటలా పడుతోందని చెప్పాడు. బకెట్లో ముంచింది సాయంత్రం, ముందు గదిలో ఆరబెట్టి మూసినప్పుడు కాబట్టి ఏమీ కాలేదు. పన్నెండు రోజులు తను కెమెరా లోపల వెతికిన రోగం కెమెరాలో లేనే లేదు.

అత్తగారు మెల్లిగా ఇటు తిరిగింది. "అయితే ఆ మంచు నాదేనా" అంది. "నాకూ సరిగ్గా కనబడట్లేదని నేనూ రోజూ ఆ కెమెరానే తిట్టుకున్నాను. నీ పొట్ట కొట్టింది నేనేనా అమ్మా."

ఇన్నేళ్ళలో ఆవిడ కోడల్ని అమ్మా అనడం అదే మొదలు. కోడలికి ఏడుపాగలేదు. తను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెళ్ళి అత్తగారి పిండి చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. మూడో మనిషి పొయ్యి ఆర్పాడు.

ఏడుస్తూ కూర్చుంటే జీపు ఆగదు కదా. కొడుకు పెట్టె తుడిచి ఫ్యాను కింద పెట్టాడు. అత్తగారు అటక మీదనుంచి మూత బిగిసిన డబ్బా ఒకటి దింపింది. అందులో పదేళ్ళుగా ఈ ఇంట్లో కొన్న ప్రతి చెప్పుల జతతో వచ్చిన గింజల పొట్లం ఉంది, ఎందుకైనా పనికొస్తాయని ఆవిడ దాచినవి. ఆ డబ్బా గురించి ఎన్నిసార్లో నవ్విన కొడుకు నోరు మూసుకుని రెండు తీసుకున్నాడు. ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా, వంటింటి తలుపు మూసి, కోడలు తన చేత్తో కొక్కెం వేసింది.

జీపెక్కుతూ వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తానత్తయ్యా" అంది.

ఆ మధ్యాహ్నం ఇంజినీరు గదిలో వీడియో పెట్టారు. ఇరవై నిమిషాలు దాటాయి, గాజు మీద మంచు రాలేదు. కుడివైపు నాలుగో అతుకు దగ్గర వెంట్రుకంత పగులు కూడా కనబడింది. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని రెండుసార్లు చూసి, ఇదమ్మా వీడియో అంటే అన్నాడు. తర్వాత ఎంతసేపటికీ తెర మీద ఒకటే బొమ్మ. నిచ్చెన, తెల్ల మెట్టు, దాన్ని పట్టుకున్న చెయ్యి, బుడగలు. ఆయనకి విసుగొచ్చింది. ఇదంతా నాకెందుకు, ఈసారి ఇది కోసేసి ఇవ్వండి అన్నాడు.

"కోసే ఇస్తానండీ" అంది కోడలు. "ఆ ముక్క మీక్కాదు. ఇంట్లో చూసేవాళ్ళున్నారు."

మర్నాడు పొద్దున్న అత్తగారు కెమెరా వైపు చూడనైనా చూడకుండా, పొయ్యి ముందు అదే పనిగా గిన్నెలు సర్దుతోంది. కోడలు వచ్చి చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకెళ్ళి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, తన ఫోన్ చేతికిచ్చింది. రాత్రే ఆ ఆఖరి ముక్క అందులోకి ఎక్కించి పెట్టింది. పన్నెండు రోజులుగా మంచులోంచి చూసిన నిచ్చెనని అత్తగారు మొదటిసారి సరిగ్గా చూసింది. మెట్టు మీద పెచ్చులూడిన రంగు, కోడలి వేళ్ళు, చూపుడు వేలి మీద పాత గాటు. మధ్యలో కోడలు ఇంక చాలత్తయ్యా అని లేవబోతే, ఉండమని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటూనే ఉంది. చెయ్యి మెట్టు వదిలి పైకి కదిలి, నీళ్ళు తెల్లబడి, తెర నిండా ఎండ పడ్డాక ఫోన్ తిరిగిచ్చేసింది.

"మూడు నిమిషాలూ ఆగావు" అంది లేస్తూ. "ఇక వెళ్ళిరా."