జెలినెక్ గేటు దగ్గర రెండు వేళ్లు

జెలినెక్ గేటు దగ్గర ఎవరూ వేళ్లెత్తరు.

నెబ్రాస్కా ఇసుకదిబ్బల్లో ఎదురుపడ్డ ప్రతి పికప్పుకీ పలకరింపుగా స్టీరింగు మీంచి రెండు వేళ్లు ఎత్తాల్సిందే, పరిచయం ఉన్నా లేకపోయినా. ఆ గేటు దగ్గర మాత్రం... తల తిప్పుకుని పోతారు. ముప్ఫై ఏళ్ల కిందట మంచుతుఫానులో ఎమిల్ జెలినెక్ ఆవులకి గడ్డి వేస్తూ అక్కడే పడి చచ్చిపోయాడు. ఇప్పటికీ మంచు కురిసే సాయంత్రాల్లో అతని బండి డ్రైవరు లేకుండా తిరుగుతుందని చెప్పుకుంటారు.

మార్లిస్ ఈ కబుర్లు విని నవ్వేది. "డ్రైవరు లేకుండా నడవని బండి ఈ చుట్టుపక్కల ఏదర్రా?"

నిజమే. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక రైతులు గుర్రాలు అమ్ముకుని కొన్న బండ్లవి. ఆకుపచ్చ రంగు, గుండ్రటి మడ్‌గార్డులు, కాలితో తొక్కే స్టార్టరు. అన్నిటికన్నా నెమ్మదైన గేరులో, అదే ముసలమ్మ గేరులో, వేసి వదిలేస్తే దానంతటదే పాకుతుంది. రైతు వెనకెక్కి ఆవులకి గడ్డి విసురుతూ పోతాడు.

ఆమె మొగుడు ఆర్లోకి తండ్రి ఇచ్చింది అలాంటి బండే. పట్నంవాళ్లు కొంటామని వస్తే, "పెళ్లాన్ని అడిగినా ఆలోచిస్తాగానీ, దాన్ని అడక్కండి" అని తరిమేశాడు.

ఆ జనవరి సాయంత్రం ఆ బండిలోనే గడ్డి వేయడానికి వెళ్లాడు. మూడింటికి వెళ్లినవాడు ఆరైనా రాలేదు. ఫోను తీగ తెగిపోయింది. ఆ చలిలో మనిషి కదలకుండా పడి ఉంటే తెల్లారేసరికి మిగలడు. మార్లిస్ టార్చి పట్టుకుని బయల్దేరింది.

"ఆర్లో!... ఆర్లో!"

గాలి ఆ పిలుపుని నోట్లోనే నొక్కేసింది.

జెలినెక్ గేటు దగ్గరికి వచ్చేసరికి — రెండు పసుప్పచ్చ లైట్లు. మెల్లగా... పాకుతూ... బండి ఆమె పక్కనుంచే వెళ్లింది. టార్చి వేసింది. ఆకుపచ్చ తలుపు.

సీట్లో ఎవరూ లేరు.

ఇంటికి పారిపోదామనుకుంది. అంతలో బండి వెనక మంచు మీద వరసగా పడున్న గడ్డి కనిపించింది.

దేవుడా... ఇది మా బండే! ముసలమ్మ గేరు! ఆర్లో వెనకనుంచి పడిపోయాడు!

గడ్డి వరస పట్టుకుని వెనక్కి పరుగెత్తింది. ఆవులు పక్కనే నిలబడి ఉన్నాయి. ఒక్కటీ మూతి పెట్టలేదు. అదేమిటని ఆలోచించే స్థితిలో లేదామె. ఏడుస్తూ, పడుతూ, లేస్తూ పోయింది.

వాగు గట్టు మీద వరస ఆగింది. కింద ఆర్లో!

"మార్లిస్..." గొణిగాడు. "కాలు... చక్రం కింద..."

చక్రమా?

టార్చి పక్కకి తిప్పింది. ఆకుపచ్చ పికప్పు, ముక్కు వాగులో దిగబడి ఉంది. లైట్లు వెలగడం లేదు. మరి గేటు దగ్గర ఎదురైంది ఏ బండి? అయినా బండిలోని పార అందుకుని తవ్వింది. కాలు బయటికొచ్చింది.

"ఎప్పుడు పడ్డావు?"

"వస్తూనే బండి జారింది. దిగి చూడబోతే కాలు ఇరుక్కుంది."

"మరి... గడ్డి?"

"ఏం గడ్డే? ఇంకా తాడే విప్పలేదు."

నిజమే. బండి నిండా మోపులు, కట్టిన తాడు కట్టినట్టే ఉంది. మీద జానెడు మంచు పేరుకుంది.

గట్టు మీద... ఇంజను చప్పుడు. ఆర్లో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అటు చూడకు..." గుసగుసలాడాడు.

ఆమె చూసింది. పసుప్పచ్చ లైట్లు ఇంటి వైపు తిరిగాయి. కుంటివాడు కూడా వెంట నడవగలిగేంత మెల్లగా కదిలాయి.

మార్లిస్ చేతి తొడుగు లాగేసి, రెండు వేళ్లు ఎత్తింది.