జత కుర్చీలు

బావగారిని కాటికి సాగనంపి ఇంకా పూట కూడా గడవలేదు... అప్పుడే ఈ మనిషి ఆయన కుర్చీని తలకిందులు చేసి చూస్తున్నాడు! అక్క ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తున్న ఆమెకు, గదికి ఆ మూల మొగుడు మోకాళ్ల మీద కూర్చుని కుర్చీ అడుగు గోటితో గీకడం కనిపించింది. ఛీ!

అతనిది పాత ఫర్నిచర్ వ్యాపారం. అరవై డెబ్బై ఏళ్ల కిందటి టేకు సామాను... ఏటవాలుగా దిగే సన్నటి కాళ్లు, కేన్‌తో అల్లిన వీపు. ఈ రోజుల్లో డబ్బున్నవాళ్లకు అదంటే పిచ్చి. ఎవరింట్లో మనిషి పోయారో వాకబు చేసి, పరామర్శ వంకతో వెళ్లేవాడు. ఆమెను వెంటబెట్టుకుపోయేవాడు. ఆమె ఇట్టే కరిగిపోయే మనిషి. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లను పట్టుకుని కూడా నిజంగానే ఏడ్చేది. ఆ ఏడుపు చూసి వాళ్లు సామాను కారుచౌకగా ఇచ్చేసేవారు. తన ఏడుపుతో బేరాలు కుదురుతున్నాయని ఆమెకు మొదట్లో తెలియదు. తెలిశాక కూడా వెళ్లింది! షాపు పెరిగింది గానీ ఆమె నోరు పెగల్లేదు. కొన్న కుర్చీల అడుగున ఎవరో అంటించిన చూయింగ్ గమ్, ఎండిన చీమిడి, దుమ్ములో చిక్కిన వెంట్రుకలు, అన్నీ తనే గీకి కడిగేది. ఆ మురికి చూసి ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఇవాళ మొగుడి మొహం చూస్తే మాత్రం వాంతి వచ్చేలా ఉంది!

అతను సైగ చేసి ఆమెను వరండాలోకి పిలిచాడు.

"ఏమే, అవి జత! మీ బావది ఒకటి, అక్కది ఒకటి. మచ్చ లేదు. కొత్త షోరూం అద్దాల వెనక పెట్టామంటే రోడ్డున పోయేవాడు ఆగి చూడాల్సిందే! అవి కళ్లెదుట ఉంటే బాధ పెరుగుతుందని మీ అక్కకు నువ్వే మెల్లగా చెప్పు."

"మా బావగారు ఆ కుర్చీలోనే ప్రాణం వదిలారండీ... మీరు దాని అడుగు గీకుతున్నారు! మీదేం పుట్టుకండీ?"

"ఓహో! ఇప్పుడు పుట్టుకొచ్చిందా నీతి? ఎన్ని ఇళ్లల్లో ఏడ్చి బేరాలు కుదిర్చావు! వాళ్లవి కొంపలు కావూ? నీ పని ఏడవడం, నా పని కొనడం. ఇన్నాళ్లూ మనం తిన్నది నీ ఏడుపు కూడే!"

గుమ్మంలో అలికిడైంది. ఆమె గిరుక్కున తిరిగింది. తలుపు పట్టుకుని అక్క నిలబడి ఉంది.

"అబ్బే, అది కాదు వదినా..." అని అతను చేతులు నలుపుకున్నాడు. అక్క అతని వంక చూడను కూడా లేదు.

"రెండూ తీసుకెళ్లండి మరిదిగారూ. అడిగితే ఇచ్చేదాన్నే."

"వద్దక్కా! వాటి విలువ నీకు తెలీదు, నిన్ను నిలువునా ముంచుతాడు!" ఆమె పరుగున లోపలికెళ్లి, బావగారి కుర్చీ నిలబెట్టి దాని మీద చేతులేసి కాపలా కాసినట్లు నిలబడింది. "నేనుండగా ఈ గడప దాటవు ఇవి! నీ మీదొట్టు!"

అక్క మెల్లగా దగ్గరికొచ్చింది. ఏడ్చి ఏడ్చి వాచిన ఆ కళ్లు చెల్లెలి మొహాన్ని, కొత్త మనిషిని చూసినట్లు వెతికాయి.

"చెల్లీ... ఇందాక నా ఒళ్లో పడి ఏడ్చావే... అది కూడానా?"

ఆమెకు గుండెలోంచి దుఃఖం తన్నుకొచ్చింది... బావగారి కోసం, అక్క కోసం, తన బతుకు కోసం! ఆమె కొంగు నోట్లో కుక్కుకుని మొహం గోడవైపు తిప్పేసుకుంది. తోడబుట్టిన అక్క ముందు ఏడవడానికి ఆమెకు భయమేసింది.