చివరి ఇంట్లో ఆరో దెబ్బ

నాలుగో వరసలో చివరి ఇంటి దగ్గర నీళ్ల ట్యాంకరు కూడా తిరగదు. అక్కడ తిప్పుకోవడానికి కావలసినంత చోటుంది. అయినా డ్రైవరు మూడో వరస నుంచే వెనక్కి పోనిస్తాడు. కట్టించినవాళ్లు ఒక్క రాత్రి కూడా పడుకోని ఇల్లు అది. తలుపుకి తాళం, కిటికీలకి లోపలి నుంచి పాత కాగితాలు. పగలు కొత్త ఇళ్ల పనుల మోతలో ఏమీ తెలియదు. చీకటి పడ్డాకే... లోపల ఎవరో కొడతారు. కొట్టి, ఆగి— మళ్లీ కొడతారు.

ఇది విన్నది విన్నట్టే. ఒక్క ముక్క కలిపింది లేదు.

గడియారాల మేస్త్రీ ఆ కాలనీకి కాపరం వచ్చి నాలుగు నెలలు. అంతకు ముందు ముప్పై ఎనిమిదేళ్లు నగరం నడిబొడ్డున, మనిషి పక్కకి తిరిగితే గాని లోపలికి పట్టని కొట్లో కూర్చున్నాడు. కదలమంటే ససేమిరా అన్నాడు. మేనల్లుడే ఎదురుగా కూర్చుని వేళ్లు మడిచి మడిచి చెప్పాడు.

"గాలి, మావయ్యా! అత్తయ్య దగ్గు నెల తిరక్కుండా పోతుంది. ఆరేసిన బట్టకి సాయంత్రానికి మసి పట్టదు. కుళాయి దగ్గర బిందెల యుద్ధం ఉండదు. అన్నిటికంటే నిశ్శబ్దం... చేతి గడియారం చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తుంది."

అక్కడ కుళాయే ఉండదని మాత్రం ఆ నోటి నుంచి రాలేదు. మేస్త్రీ అది మరిచిపోలేదు. ఏదీ మరిచిపోయే మనిషి కాదు.

"మరి నా కొట్టు?"

"ఎక్కడికి పోతుంది? వారం వారం నేను తీసి తుడుస్తాను. దగ్గు తగ్గాక వచ్చి మీ కుర్చీలో మీరు కూర్చోండి."

ఆ మాటకే దిగొచ్చాడు. ఒక్కటే షరతు. కొట్లో గోడ గడియారం ఆగకూడదు. ఎనిమిది రోజులకోసారి కీ ఇవ్వాలి. ఇన్నేళ్లలో అది ఆగిన పూట లేదు. మేనల్లుడు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు.

నాలుగో నెలలో పెళ్లాం దగ్గు తగ్గింది. వచ్చే నెల వెళ్లిపోదామని మేస్త్రీ తన పట్టకార్లకి నూనె కూడా రాసుకున్నాడు. ఆవిడ మాత్రం సరేననలేదు, కాదనలేదు.

అప్పుడు డ్రైవరు చెప్పాడు, డ్రమ్ములోకి పైపు వేస్తూ.

"నిన్న నా చెవులతో విన్నానండీ, మేస్త్రీగారూ... ఆ ఇంట్లో. తొమ్మిది దెబ్బలు. ఐదు వరసగా పడ్డాయి. తర్వాత ఊపిరి తీసుకున్నట్టు ఆగి— ఆరోది. మనిషన్నవాడు అలా కొట్టడు."

"లెక్కపెట్టే ధైర్యం కూడా ఉందే నీకు!"

"పారిపోవడానికి కాళ్లు రావాలి కదండీ. ఊరికే నిలబడితే లెక్క దానంతటదే వచ్చింది."

మేస్త్రీ నవ్వబోయి ఆగిపోయాడు. పైపు జారి కాళ్ల మీద నీళ్లు పడుతున్నా చూసుకోలేదు.

ఆరో దెబ్బ ఆలస్యంగా కొట్టే గడియారం లోకంలో ఒక్కటే, తన కొట్లోది. పని నేర్చుకునే వయసులో తొందరపడి, చక్రానికి ఒక పన్ను ఎక్కువ అరగదీశాడు. ఎవరడిగినా "దాని నడకే అంత" అనేవాడు. తన చేతి తప్పని పెళ్లానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రే మేనల్లుడికి ఫోను చేశాడు.

"గడియారం కొట్టిందా?"

"ఇప్పుడే కొట్టింది మావయ్యా! మీకు వినపడలేదూ?"

వెనక హారన్ల మోత తప్ప ఏమీ వినపడలేదు. మేస్త్రీ ఫోను పెట్టేశాడు. గడియారం అక్కడుంటే... ఇక్కడ కొడుతున్నది ఏది?

శనివారం వచ్చింది. శనివారం శనివారం ఆవిడ అన్నం తినగానే డ్రైవరు ఇంటికి సీరియల్ చూడ్డానికి పోతుంది. ఆవిడ గడప దాటాక మేస్త్రీ టార్చి తీసుకుని బయల్దేరాడు.

మూడో వరస దాటితే దీపాల్లేవు. ఇసక కుప్పలు, పేర్చిన ఇటుకలు. కాలి కింద కంకర చప్పుడు తనదే అయినా, రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

చివరి ఇల్లు.

తలుపుకి తాళం లేదు.

లోపల... కిర్రు... కిర్రు... కిర్రు...

తలుపుకి చెవి ఆనించాడు. ఎవరో కీ తిప్పుతున్నారు. తను తిప్పినట్టే, సగం చుట్టుకోసారి ఆగి. పదకొండు చుట్లు. కిర్రు ఆగింది.

ఠంగ్... ఠంగ్... ఠంగ్... ఠంగ్... ఠంగ్...

............ఠంగ్.

మిగతా దెబ్బలు పడుతుండగానే తలుపు తోసి టార్చి వేశాడు.

ఎదురుగా తన కుర్చీ. తన బల్ల. తన సొరుగులు, ఒకదాని మీద ఒకటి. గోడకి తలకిందులుగా ఆనించిన తన కొట్టు బోర్డు. వాటి మధ్య, మేకుకి వేలాడే గడియారం ముందు— తల మీద కొంగు కప్పుకున్న ఒక ఆడమనిషి. చెయ్యి పైకెత్తి ఉంది.

మెల్లిగా ఇటు తిరిగింది.

"వచ్చారా..." అంది ఆవిడ. ఆయన పెళ్లాం.

ఆయన టార్చి బోర్డు మీదికి తిప్పాడు.

"కొట్టు?"

"మనం వచ్చిన వారానికే వాడు ఖాళీ చేసి తన ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. ఈ ఇంటివాళ్ల దగ్గర తాళంచెవి తీసుకుని సామాను ఇక్కడ దించాడు." తల దించుకుంది. "నన్ను అడిగే చేశాడు."

"నువ్వు సరేనన్నావు."

"ఇక్కడ నాకు ఊపిరాడిందండీ. కొట్టుంటే మీరు వెళ్లిపోతారు. మీరు వెళితే నేనూ రావాలి."

"నాతో అనొచ్చుగా!"

"పదేళ్లు దగ్గాను. మీకు వినపడిందా?"

ఆయన గడియారం వైపు వేలు చూపించాడు.

"మరి దీనికి కీ ఎందుకిస్తున్నావు?"

"ఆగనివ్వడానికి... చేతులు రాలేదు."

మేస్త్రీ ముందుకొచ్చి అద్దం తలుపు తీశాడు. ఊగుతున్న లోలకాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. వదల్లేదు.

అప్పుడు వినపడింది... మేనల్లుడు చెప్పిన నిశ్శబ్దం. వాడి మాటల్లో అదొక్కటి అబద్ధం కాదు.

ఇప్పుడు ట్యాంకరు చివరి ఇంటి ముందే హాయిగా తిరుగుతోంది. దెయ్యం పోయిందని డ్రైవరే అందరికీ చెప్పాడు. కానీ మొదటి వరసలో మేస్త్రీ ఇంటి దగ్గరకొచ్చేసరికి మాత్రం గబగబా పోనిస్తాడు. కిటికీలో దీపం ఉంటుంది. లోపల మనుషులిద్దరూ ఎదురెదురుగా కూర్చునే ఉంటారు.

చప్పుడు మాత్రం ఉండదు.