మూడో పాకెట్ లోతు

కలకత్తా వాట్‌గంజ్‌లో రేవు గోడ వెనకాల ఆ షెడ్డు సంగతి ఏటని చెప్పమంటారు... దీపాలు పెట్టాక మావాళ్లెవరూ అటేపు వెళ్లరు. అక్కడ ఇనుము తొలిచే మిషన్ మీద పనిచేస్తూనే కూర్మయ్య పోయాడు. తిరుగుతున్న కట్టర్ ఊడొచ్చి గొంతులో దిగింది పాపం. శ్రీకాకుళం నుంచి, అదే మా సిక్కోలు నుంచి, వచ్చినవాడు, మా పేటవాడే. ఆ తరవాత ఇద్దరు మిస్త్రీలు చేరారు, ఇద్దరూ వారం తిరక్కుండా మానేశారు. చెప్పిన లోతు కన్నా మిషన్ ఎక్కువ తవ్వేస్తోందిట. కూర్మయ్యే కిందికి లాగుతున్నాడని చెప్పుకునేవారు.

మూడో మిస్త్రీ మా బావ వెంకటరత్నం. ధైర్యం ఎక్కువై కాదు సుమా, రేవులో పని పోయి ఇంట్లో పొయ్యి వెలగక!

ఎర్రజెండా సర్కారు ఆఖరి ఏళ్లు. ముందురోజు బంద్. ఆగిపోయిన పని తెల్లారేసరికి ఇచ్చెయ్యాలని మాలిక్, అంటే షెడ్డు యజమాని, మా బావని రాత్రికి ఉండమన్నాడు. ఇనప దిమ్మలో నాలుగు పాకెట్లు తొలచాలి — పాకెట్లంటే గోడ గూళ్ల లాంటివే, ఒక్కోటి ఒక్కో లోతు. దేనికెంత లోతో క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టేశారు, మిషన్ దానంతటదే తవ్వుకుపోతుంది. ఈ దిమ్మ పాడైతే రేపట్నుంచి రావద్దనేసి మాలిక్ వెళ్లిపోయాడు. బయట గేటు దగ్గర దర్వాన్, లోపల మా బావ.

మొదటి పాకెట్ సరిగ్గా వచ్చింది. రెండోది కొలిచాడు... వెంట్రుకవాసి ఎక్కువ.

మళ్లీ కొలిచాడు. అంతే. కంప్యూటర్ తెర మీద చూస్తే లోతు పెట్టింది పెట్టినట్టే ఉంది.

మిషన్ మూడోదాంట్లోకి దిగింది. దాని చప్పుడు మారింది... లోపలెవరో మూలుగుతున్నట్టు. మా బావ చెయ్యి ఆపే ఎర్ర మీట మీదికి వెళ్లింది. ఆపితే పని అవదు, ఆపకపోతే దిమ్మ పోతుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది. చేతులు జోడించి, "అన్నా, పిల్లలున్నోణ్ని... నన్నొగ్గేయ్," అని గొణిగాడట. ఆ పాత మిషన్‌కి ముందు అడ్డం అద్దం కూడా లేదు. ఎంత దిగిందో చూద్దామని మొహం దగ్గరగా పెట్టాడు.

అప్పుడు చెవి పక్కనే —

"ఆపీరా తమ్ముడూ... కట్టర్ జారిపోతంది."

ఎర్ర మీట గుద్దేశాడు. మిషన్ ఆగింది. చూస్తే నిజమే. బిగింపు వదులై కట్టర్ కొంచెం కొంచెంగా కిందికి దిగుతోంది, అందుకే ఆ లోతు తేడా. దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇంకాస్త ఉంటే అది ఊడి సూటిగా మొహానికే వచ్చేది.

గట్టిగా బిగించి, కొలత సరిచేసి, మిగతాది పూర్తి చేశాడు. రెండోదాంట్లో ఆ వెంట్రుకవాసి తేడా చెల్లిపోయింది. దిమ్మ దక్కింది, ఉద్యోగమూ దక్కింది.

లోపలికొచ్చి చెప్పింది దర్వానే అనుకుని, పాపం టీ ఇప్పిద్దామని గేటు దగ్గరికెళ్లాడు. అతను బల్ల మీద గురకపెడుతున్నాడు. లేపి బెంగాలీలో అడిగితే, రాత్రిపూట ఆ షెడ్డులోకి నేనెందుకొస్తాను దాదా అన్నాడు.

అప్పుడు తట్టింది మా బావకి. చెవిలో పడ్డది బెంగాలీ కాదు, మన సిక్కోలు మాట. ఆ షెడ్డులో ఆ మాట వచ్చినోడు, బతికున్నవాళ్లలో, తనొక్కడే.